కుడి చెవి ఎలుగుబంటి

ఆ సోమవారం ఉదయం భూతద్దం వేసుకున్న పథకం చాలా చిన్నది. అత్తగారు ఇచ్చిన కవరు పోస్టులో వెయ్యాలి. ఎడమ బూటుకు కొత్త లేసు కొనాలి. పాతది వారం కిందట సగానికి తెగిపోయింది, ఎలా తెగిందో అతనికి తెలియదు. నాలుగింటికల్లా పని ముగించుకుని, భార్య చెప్పిన పరదా కొక్కేలు తీసుకుని, వెలుతురుండగానే ఇల్లు చేరాలి. ఇందులో భయపడాల్సింది ఏమీ లేదు. అయినా అతను కొంచెం భయపడ్డాడు. అది అతనికి ఉద్యోగంతో పాటు వచ్చిన అలవాటు.

భూతద్దం అతని అసలు పేరు కాదు, స్టూడియోలో పెట్టిన పేరు. పరాయి భాషలో తయారైన పిల్లల కార్టూన్ సీరియళ్ళను ఆ స్టూడియోలో తెలుగు చేస్తారు. డబ్బింగ్ పూర్తయిన ప్రతి భాగాన్నీ టీవీ చానల్‌కు పంపే ముందు ఒక మనిషి చీకటి గదిలో కూర్చుని మొదటి నుంచి చివరి దాకా చూడాలి. గ్లాసులో పాలు ఒక షాట్‌లో నిండుగా ఉండి, ఎవరూ తాగకుండానే మరుసటి షాట్‌లో సగమయ్యాయా? కుందేలు చొక్కాకు గుండీలు మూడా, నాలుగా? నక్క రేపు వస్తానంటే అనువాదకుడు నిన్న వచ్చానని రాశాడా? ఇవన్నీ పట్టుకుని, చీటీ మీద రాసి, కింద సంతకం పెట్టాలి. బొమ్మ తప్పయితే ఆ ముక్క కత్తిరిస్తారు, మాట తప్పయితే మళ్ళీ చెప్పిస్తారు. పదకొండేళ్ళుగా ఆ చీకటి గదిలో మనిషి ఇతనే.

ఈ సంగతి అత్తగారికి తెలియదు. పెళ్ళి మాటలప్పుడు అబ్బాయి టీవీ రంగంలో నాణ్యతా విభాగం చూస్తాడని చెప్పారు. అందులో అబద్ధం లేదు. ఎలుగుబంట్లూ బాతులూ అన్న వివరం ఎవరూ అడగలేదు, ఇతనూ చెప్పలేదు. అత్తగారు ముప్పై నాలుగేళ్ళు బడిలో పాఠాలు చెప్పి, పరీక్ష పేపర్లు దిద్ది రిటైరయిన మనిషి. పోయిన మంగళవారమే పద్నాలుగు పెట్టెల పుస్తకాలతో వీళ్ళింటికి మకాం మార్చారు.

"అల్లుడుగారూ, ఇది పోస్టులో వేస్తారుగా? మర్చిపోరుగా?" అన్నారావిడ, కవరు చేతికిస్తూ.

"మర్చిపోనండీ."

"మొన్న మందుల చీటీ జేబులోనే ఉండిపోయింది. ఆకుపచ్చ చొక్కా జేబులో."

"ఇవాళ నీలం చొక్కా అండీ."

"అందుకే అడుగుతున్నా."

కవరు మీద చిరునామా ఏమిటో కూడా చూడకుండా అతను దాన్ని ఆఫీసు ఎదుట పోస్టు డబ్బాలో వేశాడు. వేశాక వేలు పెట్టి లోపలికి తోసి, నిజంగా పడిందో లేదో చూశాడు. తన మెడకు తానే ఉరి బిగించుకునే మనిషి అంత శ్రద్ధగా బిగించుకోవడం అరుదు.

బుధవారం పదింటికి స్టూడియో యజమాని నుంచి పిలుపు వచ్చింది. ఆయన గదిలోకి పిలవడమంటే ఏడాదికి ఒకటి రెండు సార్లే. భూతద్దం మెట్ల దగ్గరే ఆగి తన చొక్కా గుండీలు సరిచూసుకున్నాడు.

"ఇది చదువు," అంటూ ఆయన ఒక కాగితం తోశాడు. "చానల్‌కి వచ్చిన ఉత్తరం. వాళ్ళు మనకి పంపారు."

అందులో ఇలా ఉంది: 'అయ్యా, శుక్రవారం ప్రసారమైన తపాలా ఎలుగు పందొమ్మిదో భాగంలో రెండు తప్పులు ఉన్నాయి. ఎలుగుబంటికి చిరుగు ఉన్నది ఎడమ చెవికి. పడవ దిగిన దగ్గర్నుంచి ఇల్లు చేరే దాకా అది కుడి చెవికి ఉంది. ఇక రెండోది. ఇన్నాళ్ళూ పెద్ద బాతును అత్తయ్యా అని పిలిచినవాడు ఆ రోజు పిన్నీ అన్నాడు. కథ పోకడ చూస్తే చివరికి ఆ బాతు కూతుర్నే పెళ్ళి చేసుకునేట్టున్నాడు. పిన్ని కూతురు చెల్లెలవుతుంది. పసిపిల్లలు చూసే కార్యక్రమం. ఆలోచించగలరు.' కింద ఎర్ర సిరాతో 'పదికి మూడు' అని వేసి, చుట్టూ గుండ్రంగా గీత గీశారు.

ఆ ఎర్ర సిరా భూతద్దానికి తెలుసు. ఆ గుండ్రటి గీతా తెలుసు. వాళ్ళింట్లో ఫ్రిజ్ మీద అంటించిన మందుల వేళల కాగితం మీద ఉన్నది ఆ చేతిరాతే. సోమవారం తన వేలితో డబ్బాలోకి తోసిన కవరు ఇదే.

"పందొమ్మిది చూసిందెవరు?" అన్నాడు యజమాని.

"నేనే సార్."

"చూశావా?"

"చూశాను సార్."

చూడలేదు. పదకొండేళ్ళలో ఒకే ఒక్క రోజు అతను చూడకుండా సంతకం పెట్టాడు. అదీ పోయిన మంగళవారమే. ఆ రోజు అత్తగారి పద్నాలుగు పెట్టెలూ దింపాల్సి ఉంది. ఆఫీసులో తప్పనిసరి పని అని ఇంట్లో చెప్పాడు. గదిలో కూర్చుని పందొమ్మిది చూస్తానని ఆఫీసులో చెప్పాడు. పెట్టెల భయంతో ఇంటికి పోలేక, ఎందుకో ఆ చీకటి గదిలోకీ పోలేక, చీటీ మీద ముందే సంతకం పెట్టేసి, రెండు వీధుల అవతల ఉన్న పార్కులోని చెరువు దగ్గరికి వెళ్ళాడు. బూట్లు విప్పి పక్కన పెట్టి, మధ్యాహ్నమంతా నిజం బాతుల్ని చూస్తూ కూర్చున్నాడు. వాటిలో ఒక్క తప్పు కూడా లేదు.

ఆ వారం పాత అనువాదకుడికి జ్వరం వస్తే వేరొకరు రాశారనీ, ఆ పరాయి భాషలో అత్తకూ పిన్నికీ పెద్దమ్మకూ కలిపి ఒకటే మాట ఉండటం వల్ల కొత్త మనిషి పిన్ని అని రాశాడనీ, బొమ్మలు గీసినవాళ్ళు పని తప్పించుకోవడానికి పాత బొమ్మనే అద్దంలోలా తిప్పి వాడుకున్నారనీ అతను తర్వాత గ్రహించాడు. ఇవన్నీ ఆ మంగళవారం ఇట్టే పట్టేసేవాడే. కానీ ఆ మంగళవారం అతను బాతుల దగ్గర ఉన్నాడు.

"మనకి ఇంకో సీరియల్ ఇవ్వాలా వద్దా అన్నది ఈ నెలాఖర్లో తేలుస్తారట," అన్నాడు యజమాని. "ఇది చూసిన మనిషిని ఇంకా ఎందుకు ఉంచారు అని చానల్ అధికారిణి అడిగింది. ఏం చెప్పమంటావ్? నీకిద్దరు పిల్లలున్నారని తెలుసు. కానీ తప్పు తప్పే కదా?"

"తప్పు కాదు సార్," అంది భూతద్దం నోరు. ఆ మాట అన్నది తనేనని అతనికి కొంచెం ఆలస్యంగా తెలిసింది.

"తప్పు కాదా?"

"అది... ఆ ఎలుగు ఈ ఎలుగు కాదు సార్."

"మరి ఏ ఎలుగు?"

భూతద్దం గోడ మీద గడియారం వైపు చూశాడు.

"కవల తమ్ముడు సార్. వీడికి ఎడమ చెవి, వాడికి కుడి చెవి. ముందు ముందు తెలుస్తుంది."

యజమాని ఆ స్టూడియో పెట్టి ఇరవై ఏళ్ళయింది కానీ ఇంతవరకూ ఒక్క కార్టూన్ కూడా పూర్తిగా చూసిన పాపాన పోలేదు. ఆయన మొహం వెలిగిపోయింది. "మరి ఈ ముక్క ముందే చెప్పొచ్చుగా!" అని, అక్కడే ఫోన్ తీసి చానల్ అధికారిణికి చెప్పేశాడు. "అవునండీ, కవలండీ. అంతా ముందు ముందు తెలుస్తుందండీ."

అలా లేని తమ్ముడు ఒకడు పుట్టాడు. వాణ్ణి ఇప్పుడు పెంచాలి.

వారానికి అయిదు రోజులు వచ్చే ఆ సీరియల్‌కు ప్రసారానికి మూడు పనిదినాల ముందు డబ్బింగ్ జరుగుతుంది. ఆ రోజు ఇరవై అయిదో భాగం నడుస్తోంది. భూతద్దం ఆ భాగాన్ని మూడు సార్లు తిప్పి చూశాడు. బొమ్మ నోరు కనబడుతుంటే కొత్త మాట ఇరికించడానికి వీల్లేదు. ఎలుగుబంటి మన వైపు వీపు పెట్టి సంచీలోకి వంగి వెతికే చోటు ఒకటి దొరికింది. ఆరు సెకన్లు. ఆ ఆరు సెకన్లకు సరిపడా ఒక మాట రాసుకుని, ఎలుగుబంటికి గొంతు ఇచ్చే పెద్దాయన దగ్గరికి వెళ్ళాడు.

పెద్దాయన నాటకాల్లో నలభై ఏళ్ళు నటించి వచ్చినవాడు. కాగితం చదివి కళ్ళజోడు తీసేశాడు.

"అంటే నేను ఇద్దర్ని వెయ్యాలా?"

"లేదండీ. ఈ ఒక్క మాటేనండీ. రెండోవాడు కనపడడు, వినపడడు."

"ద్విపాత్రాభినయం!" అన్నాడాయన, ఏమీ విననట్టు. ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి. "నలభై ఏళ్ళ నుంచి ఎదురు చూశానయ్యా. నా గురువుగారికి కూడా దక్కలేదు."

భూతద్దానికి ఆ చెమ్మ చూస్తేనే భయం వేసింది. కారణం ఏమిటో అప్పటికి తెలియలేదు.

సోమవారం ఇరవై అయిదో భాగం ప్రసారమయ్యే వేళకు అతను పని పడిందని చెప్పి ఇంటికి పరిగెత్తాడు. నాలుగున్నరకు అత్తగారు టీవీ ముందు కుర్చీ వేసుకుని, ఒళ్ళో తెల్ల కాగితం, చేతిలో ఎర్ర కలం పెట్టుకుని కూర్చున్నారు.

"మీరు ఈ బొమ్మలు చూస్తారా అత్తయ్యగారూ?" అన్నాడు, ఏమీ ఎరగనట్టు.

"పెద్దవాళ్ళవి కూడా చూశాను. వాటినిండా తప్పులే, దిద్దినా బాగుపడవు. వీటిలో అయితే ఒకటో రెండో ఉంటాయి. చెబితే దిద్దుకుంటారు. మీరూ కూర్చోండి."

అతను కుర్చీ అంచు మీద కూర్చున్నాడు. తెర మీద ఎలుగుబంటి సంచీలోకి వంగాడు. "పాపం మా కవల తమ్ముడు! ఆ రోజు నాకు జ్వరమొస్తే నా బదులు ఉత్తరాలు పంచి వచ్చాడు," అంది పెద్దాయన గొంతు.

అత్తగారు కలం కింద పెట్టారు. "ఓహో," అన్నారు.

భూతద్దానికి వారం నుంచి లోపలే ఆగిపోయిన ఊపిరి బయటికి వచ్చింది. అది పూర్తిగా వచ్చేలోపే అత్తగారు మళ్ళీ కలం తీశారు.

"కవలలైతే మాత్రం? ఒక్క తల్లిదండ్రుల పిల్లలే కదా. ఒకడికి అత్త అయిన మనిషి రెండోవాడికి పిన్ని ఎలా అవుతుంది? ఏమంటారు అల్లుడుగారూ?"

"నాకేం తెలుస్తుందండీ. నేను కార్టూన్లు చూడనుగా."

"చూడరు కదూ. అయినా అసలు ఆ బాతు నడక చూడండి, ఎంత బాగుందో."

"నిజం బాతు అలా నడవదండీ. మెడ ముందుకి సాగుతుంది, ఆ తర్వాతే కాలు." నోరు జారాక నాలుక కరుచుకున్నాడు.

"నిజం బాతుల్ని ఎప్పుడు చూశారు?"

"చిన్నప్పుడు... ఎప్పుడో..."

"ఊఁ," అని అత్తగారు కాగితం మీద ఏదో రాసుకున్నారు.

మర్నాడు పొద్దున మళ్ళీ కవరు చేతిలో పడింది. ఈసారి చిరునామా చదివాడు. చదవకుండా ఉంటే బాగుండేది. కవరును చొక్కా లోపలి జేబులో దాచుకుని ఆఫీసుకు వెళ్ళాడు, అలాగే తిరిగి వచ్చాడు. రోజంతా అది ఛాతీ మీద కుంపటిలా కాలింది.

"కవరు వేశారా?" అన్నారు అత్తగారు, భోజనాల దగ్గర.

"వేశానండీ."

"ఎక్కడ?"

"మన వీధి చివర డబ్బాలోనండీ."

"ఆ డబ్బా మొన్న శనివారమే పీకేశారుగా అల్లుడుగారూ. గుంట పూడ్చకుండా వదిలేశారని మీరేగా చెప్పారు."

పదకొండేళ్ళుగా ఎలుగుబంట్ల గుండీలు లెక్కపెట్టిన మనిషి, తన అబద్ధంలో డబ్బాను లెక్కపెట్టుకోలేదు. "ఆఫీసు ఎదుటి డబ్బా అనబోయి... పొరపాటున..." అని నీళ్ళు నమిలాడు. భార్య అతని వైపు ఒక చూపు చూసింది. చేతులు కడుక్కునే చోట పట్టేసింది.

"ఏమైందండీ మీకు? మా అమ్మంటే అంత భయమేంటి? ఆ బొమ్మలు చూసే ఉద్యోగం మీదేనని చెప్పెయ్యండి. నవ్వి ఊరుకుంటుంది."

చెప్పాలనే ఉంది. చెబితే ఆవిడ మొదటి ప్రశ్న ఏమిటో కూడా తెలుసు: మరి పందొమ్మిది చూసినప్పుడు కళ్ళు ఎక్కడ పెట్టుకున్నారు? దాని వెనకాలే మంగళవారం వస్తుంది. మంగళవారం వెనకాల పద్నాలుగు పెట్టెలు వస్తాయి. వాటిని ఆ రోజు భార్యా అత్తగారూ చెరో వైపు పట్టుకుని మేడ మీదికి మోశారు. భార్యకు నడుం పట్టేసి మూడు రోజులు వంగలేకపోయింది. "సమయం చూసి చెబుతాలే," అన్నాడు. బుధవారం పొద్దున్నే కవరును ఆఫీసు ఎదుటి డబ్బాలో వేశాడు.

శుక్రవారం యజమాని పిలిచాడు. ఉత్తరం కింద ఈసారి పదికి నాలుగు. "ఒక మార్కు పెరిగిందిలే," అన్నాడాయన. "కానీ ఈ అత్తా పిన్నీ సంగతి తేల్చమంటోంది చానల్. తేలుతుందా?"

"తేలుతుంది సార్," అన్నాడు భూతద్దం, మునిగిపోయేవాడు చెయ్యి పైకెత్తినట్టు.

తేల్చడానికి అతనికి ఆదివారమంతా పట్టింది. ఒక కాగితం మీద ఎలుగుబంటి వంశవృక్షం గీశాడు. తమ్ముణ్ణి చిన్నప్పుడే పెద్ద బాతుకు అక్క అయిన ఇంకో బాతు పెంచుకుందన్నాడు. అప్పుడు అన్నకు అత్త అయిన మనిషి, పెంపకం వల్ల తమ్ముడికి పిన్ని అవుతుంది. లెక్క సరిపోయింది. ఎలుగుబంటికి బాతు మేనత్త ఎలా అయిందన్న ప్రశ్న మాత్రం ఎవరూ అడగకూడదని దేవుణ్ణి వేడుకున్నాడు.

ఈ మాటంతా ఆరు సెకన్లలో పట్టదు. ముప్పై మూడో భాగంలో ఒక తలుపు మూసి ఉన్న షాట్ దొరికింది. పద్దెనిమిది సెకన్ల పాటు మూసిన తలుపు తప్ప ఏమీ ఉండదు. ఎలుగుబంటి తలుపు వెనక తనలో తాను చెప్పుకున్నట్టు పెట్టమన్నాడు. పెద్దాయన మైకు ముందుకు వెళ్ళి, ఊపిరి పీల్చి, అన్న గొంతుతో ఒక మాట, వెంటనే ముక్కుతో ఇంకో గొంతు పెట్టి తమ్ముడి మాటగా ఒకటి, అలా మార్చి మార్చి మొత్తం సంభాషణ చెప్పేశాడు. చివర్లో దగ్గాడు కూడా.

"దగ్గెందుకండీ?" అన్నాడు భూతద్దం, బేజారెత్తిపోయి.

"పాత్రకి ప్రాణం వద్దా? వాడికి కాలు కూడా కొంచెం కుంటి. అడుగుల చప్పుడు నేనే వేస్తాను."

ఆపుదామనుకున్నాడు. కానీ ఆపితే పెద్దాయన యజమానికి చెబుతాడు. యజమాని చానల్‌కు చెబుతాడు. చానల్ పందొమ్మిదిని మళ్ళీ బయటికి తీస్తుంది. భూతద్దం కింద సంతకం పెట్టాడు.

అక్కణ్ణుంచి తమ్ముణ్ణి ఆపడం ఎవరి తరమూ కాలేదు. మెట్ల కింద నుంచి మాట్లాడాడు, ఉత్తరాల మూట లోంచి మాట్లాడాడు, పొగమంచులో పాట కూడా పాడాడు. ఒక్కసారి కూడా తెర మీద కనబడలేదు. ముప్పై అయిదో భాగంలో వాడు కుంటుకుంటూ వంతెన దాటాడు. ముప్పై ఆరులో మేడ మెట్లు దడదడా పరిగెత్తి దిగాడు. ఎందుకంటే ఆ రోజు పెద్దాయన హుషారుగా ఉన్నాడు. ఆ తప్పు భూతద్దానికి చెవిన పడింది. తప్పును తప్పని తెలిసీ సంతకం పెట్టడం అదే మొదటిసారి. అది ప్రసారమైన సాయంత్రం అతనికి అన్నం సయించలేదు.

అత్తగారికి మాత్రం ఆకలి బాగానే ఉంది. "పెంపకం సంగతి బాగా కుదిర్చారు," అన్నారు, కూర వడ్డించుకుంటూ. "ఎవరో బుద్ధిమంతుడే రాస్తున్నాడు. కానీ కుంటివాడు మెట్లు పరిగెత్తి దిగాడేమిటి? ఏదో భయంలో ఉన్నాడు పాపం. భయంలో రాసిన జవాబు పత్రం నాకు తెలుస్తుంది. అక్షరాలు కుడి వైపుకి పరిగెడతాయి."

భూతద్దం చేతిలో చెంచా గిన్నెకు తగిలి మోగింది.

ఆ వారమంతా అతను ఫోన్ మోగితే ఉలిక్కిపడ్డాడు, మోగకపోతే చేతిలోకి తీసుకుని చూశాడు. గురువారం యజమాని స్వయంగా చీకటి గదికి వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. ఆయన అక్కడికి రావడం ఎవరూ ఎరగరు.

"రేపు పదకొండింటికి చానల్ అధికారిణి వస్తోంది. ఈ ఉత్తరాలు రాసే మనిషిని కూడా పిలిపించిందట. కవరు వెనక చిరునామా ఉందట మరి. ముఖాముఖి కూర్చోబెట్టి తేల్చేస్తుందట. పందొమ్మిది చీటీ తెచ్చి నా బల్ల మీద పెట్టు."

భూతద్దం చీటీ తీసి ఆయన బల్ల మీద పెట్టి వచ్చాడు.

మర్నాడు పొద్దున అత్తగారు మంచి చీర కట్టుకుని, చేతిసంచీలో ఎర్ర కలం పెట్టుకోవడం అతను కళ్ళారా చూశాడు. "ఎక్కడికండీ?" అన్నాడు.

"ఎవరో పిలిచారు," అన్నారావిడ. "మీరు వెళ్ళండి, ఆలస్యమవుతుంది. ఇవాళ మొహం అలా పాలిపోయిందేం?"

పదకొండింటికి చీకటి గదిలో దీపాలు వేశారు. యజమాని, పెద్దాయన, భూతద్దం ఒక వైపు. ఎదురుగా అధికారిణి, ఆవిడ పక్కన ఒక గోనెసంచీ. భూతద్దం సరిగ్గా తలుపు వెనకాల ఉండేట్టు కుర్చీ జరుపుకున్నాడు. అత్తగారు లోపలికి వచ్చి, నమస్కారం చేసి, కూర్చుని, గది అంతా ఒకసారి కలియజూశారు. ఆవిడ చూపు తలుపు వెనక ఆగింది. పరీక్ష గదిలో పక్కవాడి పేపర్లోకి తొంగిచూస్తూ దొరికిపోయిన పిల్లాడి మొహం అల్లుడిది. ఆవిడ కొత్త మనిషికి పెట్టినట్టు అతనికీ ఒక నమస్కారం పెట్టారు. అదే ఎక్కువ భయపెట్టింది.

అధికారిణి గోనెసంచీ మూతి విప్పింది. లోపలంతా పిల్లల ఉత్తరాలు. "మూడు వారాల్లో వచ్చినవి. అన్నింట్లో ఒకటే ప్రశ్న, తమ్ముడు ఎప్పుడు కనపడతాడు అని. మా చానల్లో ఇన్నేళ్ళలో ఏ బొమ్మకీ ఇన్ని రాలేదు. ఆ బొమ్మలు తయారు చేసినవాళ్ళనే అడిగాను. తమ్ముడెవరు, మాకు తెలీదే అన్నారు. ఈ ఆలోచన ఎవరిది?"

యజమాని రెప్ప వెయ్యకుండా, "నాదేనండీ," అన్నాడు.

భూతద్దం గుండెల్లోంచి పెద్ద బండరాయి దొర్లిపోయింది. ఇక తను నోరు మూసుకుంటే చాలు. పందొమ్మిది తప్పు కాదు, పథకం. ఆఫీసూ ఇల్లూ రెండూ క్షేమం.

"మంచిది," అన్నారు అత్తగారు. "ఒక్క చిన్న ప్రశ్న. తమ్ముడికి చిరుగు ఏ చెవికండీ?"

యజమాని పెద్దాయన వైపు చూశాడు. పెద్దాయన తనకు చెవితో ఏం పని అన్నట్టు పైకి చూశాడు.

"రెండు చెవులకీ," అన్నాడు యజమాని, ఏదో ఒకటి తగలకపోతుందా అని.

అత్తగారు నెమ్మదిగా తలుపు వైపు తిరిగారు. "మీరు చెప్పండి."

ఆ 'మీరు' తననేనని భూతద్దానికి తెలుసు. అబద్ధం చెబుదామనుకున్నాడు. ఏది చెప్పినా డబ్బాలాగే మధ్యలో ఎక్కడో పీకేసి ఉంటుందనిపించింది. ఒక్కసారిగా అతనికి భయపడీ భయపడీ విసుగు పుట్టింది.

"కుడి చెవికి," అన్నాడు లేచి నిలబడి. "తమ్ముడు లేడు. ఎప్పుడూ లేడు. అది వట్టి తప్పు. పందొమ్మిది నేను చూడలేదు. చూడకుండా సంతకం పెట్టాను. ఆ రోజు ఆఫీసులో లేను, ఇంట్లో పెట్టెలు దింపడానికీ పోలేదు. పార్కులో చెరువు దగ్గర కూర్చున్నాను. బాతుల్ని చూశాను. అంతే. ఆ తర్వాత అన్నీ భయంతో రాసినవే. కుంటి కాలు మాత్రం ఆయనది."

"దగ్గు కూడా," అన్నాడు పెద్దాయన, తన వాటా తనకు దక్కాలని.

అధికారిణి చీటీ మీది సంతకం చూసింది. "చూడకుండా సంతకం పెట్టిన మనిషిని ఈ పనిలో ఉంచలేం," అంది.

భూతద్దం తల ఊపాడు. ఇద్దరు పిల్లలు గుర్తొచ్చారు. వాళ్ళకు ఏమని చెప్పాలో ఆలోచించాడు.

"ఈ పని ఆవిడ చేస్తారు, ఒప్పుకుంటే," అంటూ అధికారిణి అత్తగారిని చూపించి, భూతద్దం వైపు తిరిగింది. "మీరు ఆ తమ్ముడికి మాటలు రాయండి. కొత్త సీరియల్ అంతా వాడిదే. బొమ్మలు వాళ్ళు గీస్తామన్నారు. రాసింది రాసినట్టు ఈవిడకి చూపించాలి. ముందుగా, నాకు చెప్పిందంతా ఒక కాగితం మీద రాసి సంతకం పెట్టండి. ఫైల్లో ఉండాలి."

పదకొండేళ్ళు ఇతరుల తప్పులు పట్టిన మనిషి ఇక మీదట తను తప్పులు రాసి అత్తగారికి పట్టించాలన్నమాట. ఉద్యోగం నిలిచిందన్న సంతోషంతో పాటు ఆ భయమూ ఒకేసారి వచ్చి కూర్చున్నాయి. అతను కాగితం తీసుకుని రాశాడు. అక్షరాలు కుడి వైపుకు పరిగెత్తకుండా జాగ్రత్త పడ్డాడు. రాసి, అలవాటు ప్రకారం రెండుసార్లు సరిచూసుకుని, అత్తగారి ముందు పెట్టాడు.

ఆవిడ కళ్ళజోడు సర్దుకుని, ఎర్ర కలం తీసి, మొదటి నుంచి చదివారు. 'చెరువులో ఆరు బాతులు ఉన్నవి' అన్నచోట కలం ఆగింది. 'ఆరు' కొట్టేసి పైన 'ఏడు' అని రాశారు.

"ఆరేనండీ," అన్నాడతను. "నాకు బాగా గుర్తు."

"సామాను వ్యాను ఆ పార్కు మలుపులోనే ఆగిపోయింది అల్లుడుగారూ, ట్రాఫిక్‌లో. నేను ముందు సీట్లో ఉన్నాను. పిలుద్దామని చెయ్యి కూడా బయట పెట్టాను. కానీ పెళ్ళయిన దగ్గర్నుంచీ మిమ్మల్ని అంత నిశ్చింతగా ఎప్పుడూ చూడలేదు. పెట్టెలదేముంది, ఎలాగోలా మోసుకుంటాంలే అనుకున్నాను. అమ్మాయికి కూడా చెప్పలేదు."

భూతద్దం ఇన్నాళ్ళ అలవాటు కొద్దీ లెక్కకే అంటిపెట్టుకున్నాడు. "మరి ఏడోది నాకెందుకు కనపడలేదండీ?"

"అది మీ వెనకాల కూర్చుని మీ ఎడమ బూటు లేసు నములుతోంది."